కుండీగోడయు వేరుకొనయు

ఈజిప్టును పాలించిన హత్‌షెప్సుత్ రాణి క్రీస్తుకు పూర్వము పదునైదవ శతాబ్దమున పుంట్ దేశమునకు పంపిన నౌకలు మరలివచ్చునపుడు, ధూపద్రవ్యమునిచ్చు వృక్షములను వేళ్లు చెదరకుండ గంపలలో నిలిపి, కొయ్యలకు వ్రేలగట్టి, భుజములపై మోసికొనివచ్చిన దృశ్యము దేర్ ఎల్ బహ్రీ ఆలయకుడ్యములపై నేటికిని చెక్కడమై కానవచ్చుచున్నది. మొక్కను నేలతల్లి నుండి ఎడబాపి ఒక పాత్రలో బ్రతికించుటకు మానవుడు చేసిన ప్రయత్నములకు మనకు దొరకిన మిక్కిలి ప్రాచీనములైన చిత్రసాక్ష్యములలో అది యొకటి. ఆ పాత్ర నలువైపుల సందులు గల అల్లిక యగుట నాకెంతో అర్థవంతముగ తోచును. అటుపిమ్మట గడచిన మూడువేల యేండ్లకు పైబడిన కాలములో మట్టికుండీయు, చెక్కతొట్టియు, సిమెంటుతొట్టియు, ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ప్లాస్టిక్ కుండీయు మన పెరళ్లకు వచ్చినవి. కడపట గాలి చొరబడు గుడ్డసంచియే నూతనమైన వస్తువుగ మరల అంగళ్లకు చేరినది.

కుండీని మట్టిని పట్టియుంచు పాత్రగ మాత్రమే చూచువారు దాని గోడను గమనింపరు. నీరు లోపల ఎంతసేపు నిలుచునో, గాలి ఎంతవరకు చొచ్చునో, ఎండవేడిమి వేరును ఏ మేరకు తాకునో, ముందునకు సాగుచున్న వేరుకొన గోడను ఢీకొన్నపుడు ఎటు తిరుగునో నిర్ణయించునది ఆ గోడయే. ఆకులకు ఆకాశము ఎట్టిదో, కుండీలోని వేరునకు గోడ అట్టిది. కావున గుడ్డకుండీ మేలా, ప్లాస్టిక్ కుండీ మేలా యను ప్రశ్నను ధరలతోను అందచందములతోను తేల్చుటకు వీలు లేదు. వేరు జీవించు తీరును కొంత తెలిసికొన్న పిదపనే దానికి సమాధానము చెప్పవలెను.

ఈ ప్రశ్నపై అత్యంత శ్రద్ధతో తర్కించుకొనుచున్నవారు నేడు కెనడా దేశమున గృహములలో గంజాయి మొక్కను పెంచువారు. 2018 అక్టోబరు 17 నుండి ఆ దేశమున అమలులోనికి వచ్చిన చట్టము ఒక్కొక్క గృహమునకు నాలుగు మొక్కల వరకు అనుమతించినది. కొన్ని రాష్ట్రప్రభుత్వములు మాత్రము తమ పరిధిలో దానికి ఒప్పుకొనలేదు. మొక్కల సంఖ్యకు చట్టము హద్దు విధించినపుడు, పెంచువాని దృష్టియంతయు ఒక్కొక్క మొక్క యెంత పుష్టిగ ఎదుగగలదను విషయముపై నిలుచుట సహజము. ఎదుగుదల వేరుపైనను, వేరు కుండీపైనను ఆధారపడి యున్నందున, కుండీని గూర్చిన చర్చ అచట ఒక శాస్త్రచర్చ యైనది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రభుత్వానుమతి లేని గంజాయి సాగును నేరముగ పరిగణించుచున్నది గనుక, ఆ మొక్కను మనమిక్కడ వేరు విజ్ఞానమునకు ఒక ఉదాహరణముగ మాత్రమే గ్రహింతము. గంజాయి వేరు పాటించు భౌతికధర్మములనే మిద్దెపైనున్న వంగమొక్క వేరును పాటించును.

మొదట నీటిని గూర్చి చెప్పవలెను. పొలములో కురిసిన వాన మట్టిరేణువుల నడుమనున్న సన్నని నాళికల గుండ ఎడతెగక క్రిందిపొరలకు దిగిపోవును. కుండీలోనో, అడుగు వచ్చినంతనే ఆ నాళికలు తెగిపోవును. తెగినచోట రేణువులు నీటిని తమ ఆకర్షణచేత పట్టియుంచుకొనుటవలన, అడుగున రంధ్రములెన్ని యున్నను, ధారాళముగ నీరుపోసిన ప్రతి కుండీలోను నీటితో నిండిన పొర యొకటి మిగిలియుండును. ఈ పొర మందము కుండీ ఎత్తునుబట్టి మారదు, మట్టి సన్నదనమునుబట్టి మారును. అందుచేత పొట్టికుండీలో వేళ్ల నివాసములో సగభాగము నీట మునిగియుండగా, అదే మట్టి నింపిన పొడుగుకుండీలో స్వల్పభాగమే మునిగియుండును. నీరు చక్కగ దిగునను నమ్మకముతో అడుగున గులకరాళ్లు పరచుట మన యిండ్లలో తరతరాలుగ వచ్చుచున్న అలవాటు. సన్నని మట్టినుండి ముతకరాళ్లలోనికి నీరు సులభముగ దిగదు గనుక, ఆ తడిపొర రాళ్లపైకి జరిగి, వేళ్లకు మరింత చేరువయగును. ఈ అలవాటును విడిచిపెట్టుట మంచిది.

తడిపొర వలన హాని యేమన, అది వేరునకు ఊపిరి సలుపనీయదు. ఆకు పగటివేళ ప్రాణవాయువును వెలువరించునను మాట అందరెరిగినదే. వేరు రేయింబవళ్లు ఆ వాయువును పీల్చుచుండుననునది అంతగ తెలియనిది. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువుండగా, 25 డిగ్రీల వేడిమి గల లీటరు నీటిలో కరగియుండునది సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే. పైగా అది గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో నీటిలో వ్యాపించు వేగము పదివేలవ వంతు. వేడిమి పెరిగినకొలది చిక్కు రెండింతలగును: నీటిలో కరగు ప్రాణవాయువు తగ్గుచుండగా, వేరు శ్వాసించు వేగము ప్రతి పది డిగ్రీలకు దాదాపు రెట్టింపగుచుండును. వేసవిలో మిక్కుటముగ నీరుపోసిన కుండీలో మొక్క వాడిపోయి కనబడుటకును, అది చూచి యజమాని మరికొంత నీరుపోసి దానిని పూర్తిగ చంపుకొనుటకును కారణమిదియే. ఊపిరాడని వేరును పితియము వంటి శిలీంధ్రసదృశజీవులు సులభముగ ఆక్రమించును. గంజాయిని పీడించు వేరుకుళ్లు తెగుళ్లను బ్రిటిష్ కొలంబియాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున శాస్త్రజ్ఞులు విశేషముగ పరిశీలించిరి.

గుడ్డకుండీ ప్రథమగుణము ఇచ్చట బయటపడును. తడిపొర గుడ్డసంచిలోను ఏర్పడును గాని, గోడయంతయు సందులే యగుటవలన నీరు ప్రక్కలకు ఆవిరియై పోవుచు, ఆ ఖాళీయైన చోటులోనికి గాలి ప్రవేశించును. గోడ ఎంతటి మార్గమో చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. 30 సెంటీమీటర్ల వ్యాసము, 28 సెంటీమీటర్ల ఎత్తు గల కుండీలో దాదాపు 20 లీటర్ల మట్టి పట్టును. దాని పైముఖము సుమారు 700 చదరపు సెంటీమీటర్లు కాగా, ప్రక్కగోడ 2,640 చదరపు సెంటీమీటర్లు. ప్లాస్టిక్ కుండీలో మొదటిది మాత్రమే గాలికి తెరచియుండును. గుడ్డకుండీలో రెండును తెరచియుండును.

గోడ నీటిని త్రాగునను సంగతి క్రొత్తది కాదు. స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు 1724 వేసవిలో ఒక పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెంచి, మట్టి నుండి ఆవిరి పోకుండ పైభాగమును సీసపురేకుతో మూసి, ఉదయసాయంకాలములందు తూచుచు, ఆకులగుండ పన్నెండు గంటల పగటివేళ సగటున ఇరువది ఔన్సుల నీరు ఆవిరియగుచున్నదని కనుగొనెను. ఆ మహనీయుని సూక్ష్మదృష్టి ఎట్టిదన, మొక్కను కోసివేసి, మోడును మూసి, ఉత్త కుండీని మరల తూచి, మెరుగుపూత లేని ఆ మట్టిగోడయే పన్నెండు గంటలలో రెండు ఔన్సుల నీటిని ఆవిరిచేయుచున్నదని తేల్చి, ఆ మొత్తమును తన లెక్క నుండి తీసివేసెను. 1727లో ప్రకటితమైన ఆయన గ్రంథము వృక్షశరీరశాస్త్రమునకు పునాదిరాళ్లలో ఒకటి. కుండీగోడను తూచిన తొలివాడు ఆయనయే యని చెప్పజాలను గాని, తూచవలెనన్న ఆ శ్రద్ధను నేను తలచుకొనని దినము లేదు.

ఆవిరియగు నీరు ఊరక పోదు, వేడిమిని గూడ తీసికొనిపోవును. మన యిండ్లలో మంచినీటి కూజా చేయు పనియే గుడ్డకుండీయు చేయుచున్నది. లీటరు నీటిని 25 డిగ్రీల నుండి మరుగు స్థితికి తెచ్చుటకు 75 కిలోకేలరీల ఉష్ణము చాలును. అదే నీరు సామాన్యవాతావరణమున ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీలు, అనగా ఏడింతలకు పైగా, పరిసరముల నుండి లాగికొనును. దీనికి భిన్నముగ, నల్లని ప్లాస్టిక్ గోడ సూర్యకాంతిని పీల్చుకొని, ఆవిరికి దారి యీయక, ఆ వేడిమిని నేరుగ మట్టికి అందించును. ఎండ తగులు వైపున నల్లకుండీలోని మట్టి 45 డిగ్రీలను దాటుట ఉష్ణప్రదేశముల నర్సరీలలో పలుమారులు కొలువబడినది; పెక్కు మొక్కల వేళ్లకు 40 డిగ్రీల పరిసరముననే హాని మొదలగును. అట్టి కుండీని పెకలించి చూచినచో, ఉత్తరపువైపున తెల్లని వేళ్లు దట్టముగ అల్లుకొనియుండగా, ఎండ కాచిన పడమటివైపున గోధుమరంగు శిథిలములే కానవచ్చును.

ఇక వేరుకొన సంగతి. చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలిసి 1880లో ప్రకటించిన గ్రంథమున, వేరు ఏ దిశకు వంగవలెనో నిర్ణయించు శక్తి దాని కొనయందు నెలకొనియున్నదని ప్రయోగపూర్వకముగ చూపెను. కొన సజీవముగ నున్నంతకాలము అది తన వెనుకనున్న భాగమునుండి ప్రక్కవేళ్లు విరివిగ మొలవకుండ అదుపుచేయుచుండును. తలచివురును గిల్లినపుడు ప్రక్కకొమ్మలు పుట్టినట్లే, కొన నశించిన పిదప దాని వెనుక ప్రక్కవేళ్లు పుట్టును. నునుపైన ప్లాస్టిక్ గోడను తాకిన కొన చావదు. అది గోడవెంబడి ప్రక్కకో క్రిందికో మళ్లి, అడుగున వలయములు వలయములుగ చుట్టుకొనుచు పోవును. గుడ్డగోడను చేరిన కొన బట్టపోగుల నడుమ చిక్కుకొని, ఆవల పొడిగాలి తగిలి ఎండిపోవును. అంతట దాని వెనుక శాఖోపశాఖలుగ క్రొత్తవేళ్లు బయలుదేరి, మట్టి నడిమిభాగమును సైతము ఉపయోగించుకొనును. గాలి చేయు ఈ కత్తిరింపును అమెరికాలో కార్ల్ విట్‌కోమ్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు 1960ల చివర, అడుగు తీసివేసిన పాలడబ్బాలలో వృక్షముల నారును పెంచి, వానిని తీగచట్రములపై ఎత్తుగ నిలిపి, విపులముగ పరిశీలించెను. మన యూకలిప్టస్ క్లోన్ నర్సరీలలో వాడు, నిలువుగాడులు గల, అడుగు తెరచియున్న రూట్ ట్రైనర్లు ఈ సూత్రముననే పనిచేయుచున్నవి. ఆ పాత్రలు ప్లాస్టిక్‌వి యగుట గమనింపదగినది: కొనను ఆపునది గాలియే గాని గుడ్డ కాదు.

అందుచేతనే గుడ్డకుండీని తడినేలపై గాని, నీరు నిలిచిన పళ్లెములో గాని ఉంచినచో ఆ గుణము నశించును. వేళ్లు గుడ్డను చీల్చుకొని వెలికివచ్చి పళ్లెములో పరచుకొనును. వర్షాకాలపు చెమ్మగాలిలోను కత్తిరింపు మందగించును. ఇటుకలపైననో ఇనుపజాలిపైననో ఎత్తి నిలిపిన సంచియే గుడ్డసంచి అనిపించుకొనును.

గంజాయి విషయమున అంగడివారు చేయు ప్రకటనలకు శాస్త్రము చెప్పు మాటకు భేదము కలుగునది ఇక్కడనే. వేరుచుట్ల వలన కలుగు మహాపద చెట్లకు సంబంధించినది: కుండీలో చుట్టుకొన్న వేరు నాటిన పిదపను ఆ వంకర విడువక, ఏటేట లావెక్కుచు, పది పదునైదేండ్లకు మొదలునే ఉరివలె బిగించి చంపగలదు. గంజాయి ఏకవార్షికము. ఇండ్లలో దీపముల క్రింద పెంచినపుడు గింజ మొదలు కోత వరకు మూడు నుండి ఐదు మాసములలో దాని జీవితము ముగియును. వేరుచుట్టు దానికి ఉరియగుటకు కాలమే చాలదు. కావున ఆ మొక్కకు గుడ్డకుండీ చేయు నిజమైన మేలు గాలి, చల్లదనము, అధికజలమునుండి రక్షణ అనువానిలోనే యున్నదని నా నిశ్చితాభిప్రాయము.

కుండీ పదార్థముకంటె కుండీ పరిమాణము ముఖ్యమను సత్యమును గూడ ఇచ్చట స్పష్టముగ చెప్పవలెను. జర్మనీలోని యూలిక్ పరిశోధనకేంద్రమునకు చెందిన హెండ్రిక్ పోర్టరును ఆయన సహచరులును 65 పరిశోధనలను సమీకరించి 2012లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, కుండీ ఘనపరిమాణము రెట్టింపైనపుడు మొక్క బరువు సగటున 43 శాతము పెరుగును. లీటరు మట్టికి ఒక గ్రాము ఎండుబరువును మించినంతనే మొక్క ఇరుకును అనుభవింప నారంభించునని వారి హెచ్చరిక. పది లీటర్ల గుడ్డసంచికిని ఇరువది లీటర్ల ప్లాస్టిక్ కుండీకిని నడుమ ఎంచుకొనవలసివచ్చిన పక్షమున, నీరు పోయుటలో మెలకువ గలవాడు రెండవదానినే ఎంచుకొనుట సముచితము. చిన్నసంచికి మరియొక దోషము గలదు: పాత్ర చిన్నదైనకొలది దానిలోని మట్టికి గోడవైశాల్యపు నిష్పత్తి పెరుగును గనుక, అయిదు లీటర్ల గుడ్డసంచి మండువేసవిలో ఉదయము పోసిన నీటిని సాయంకాలమువరకు నిలుపుకొనలేదు.

కెనడా గృహమున శీతకాలమందు వెచ్చజేసిన గదిగాలి మిక్కిలి పొడిగ నుండును. దినమునకు ఒకటి రెండుసార్లు ఎరువునీటిని గొట్టముల ద్వారా అందించు ఏర్పాటు గలవారికి, ముఖ్యముగ కొబ్బరిపొట్టులో పెంచువారికి, గుడ్డకుండీ చక్కగ ఉపకరించును. కాని గదిలో మొక్కల చుట్టు మూసిన డేరాలో పూతకాలమున గోడలనుండి వెలువడు ఆవిరి గాలిలోని తేమను పెంచి, దట్టమైన పూగుత్తులకు బూడిదరంగు బూజును తెచ్చిపెట్టగలదు. గాలిని బయటకు తోలు పంకా చాలినంత లేనిచోట ప్లాస్టిక్ కుండీయే క్షేమకరము.

మన ప్రాంతమునకు వత్తము. చైత్రవైశాఖములలో హైదరాబాదు మిద్దెలపై గాలి పొడిది, ఎండ తీవ్రము. ఆవిరివలన కలుగు చల్లదనము అచట ఎక్కువ, నీటిఖర్చును ఎక్కువ. విశాఖపట్టణపు చెమ్మగాలిలో ఆ రెండును తగ్గును. ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కొనువారు గుర్తింపవలెను. మన అంగళ్లలో గ్రో బ్యాగులను పేర అమ్మబడుచున్నవానిలో అనేకములు పాలిథీన్ పట్టీలను అల్లి, పైన పలుచని పొర పూసినవి. వాని గోడగుండ గాలియు ఆవిరియు సాగవు. మన్నికలో వానికి లోటు లేదు గాని, వేరు దృష్టిలో అవి మెత్తని ప్లాస్టిక్ కుండీలే. నిజమైన గుడ్డకుండీ కంబళివలె ఒత్తిన పోగుల బట్ట. సంచిలో గ్లాసెడు నీరుపోసినచో ప్రక్కలు చెమ్మగిల్లును. అంగడిలో ఈ పరీక్ష చేసికొనుటకు సంకోచింపనక్కరలేదు.

ఆ పోగులును పాలిప్రొపిలీన్ వంటి పదార్థముతో చేసినవే యనుట మరువరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు దానిని క్రమముగ పెళుసుబారజేయును. కొన్ని వేసవుల పిదప బట్ట చేతికి పొడిగ రాలి, సన్నని తునకలు మట్టిలో కలియును. ప్లాస్టిక్‌ను పరిహరించుటకై గుడ్డకుండీ కొనువారు తాము కోరినదానిని పొందుట లేదు. బోరునీటి ఉప్పదనము గలచోట గుడ్డ వెలుపల తెల్లని పెచ్చులు కట్టుటయు చూతుము; నీరు ఆవిరియై పోగా లవణములు గోడలో మిగులును. అప్పుడప్పుడు అడుగునుండి కారునంతగ మంచినీటిని నిదానముగ పోసి వానిని కడిగివేయవలెను. ఎండి బిగుసుకొన్న మట్టిపై ఒక్కుమ్మడి నీరుపోసినచో అది గోడప్రక్కనుండి జారిపోవును గనుక, కొంత పోసి, కొంతసేపాగి, మరల పోయుట విధి.

కావున నా తీర్పు ఇది. ప్రతిదినము నీరుపోయగల తీరిక గాని, బిందుసేద్యపు గొట్టములు గాని గలవారు, ఎండ గట్టిగ తగులు మిద్దెపై, ఇరువది లీటర్లకు తగ్గని గుడ్డకుండీలను ఎత్తుపై నిలిపి వాడుకొనవచ్చును; టొమాటో, వంగ, మిరప వంటివి వానిలో సుఖముగ పెరుగును. ఊళ్లు తిరుగువారును, నీటికొరత గలవారును తెల్లని లేక లేతరంగు ప్లాస్టిక్ కుండీని గాని, నల్లకుండీని పెద్దకుండీలో దింపి నడుమ గాలి ఆడునట్లు గాని వాడుకొనుట మేలు.

చెట్టుమొక్కల విషయము వేరు. కడియము నర్సరీలనుండి నల్లని పాలిథీన్ కవర్లలో ఊరూరికి చేరు మామిడి, సపోటా మొక్కలు ఆ గోడల నడుమ నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి యుండును. అట్టి మొక్కను కొనునపుడు ఆకుల పచ్చదనమును చూచి తృప్తిపడక, నాటుటకు ముందు కవరును చీల్చి వేరుముద్దను తప్పక పరీక్షింపుడు. చుట్టుకొన్న వేళ్లు కనబడినచో, మొహమాటపడక, పదునైన కత్తితో ముద్ద ప్రక్కలను మూడు నాలుగుచోట్ల నిలువుగ కోసి, అడుగునున్న చుట్టను తొలగించి నాటుడు.